పికప్ లేదన్న బండి

షెడ్డుకి వచ్చిన స్కూటరు యజమాని సాధారణంగా చెప్పేది ఒక్క మాటే: పికప్ లేదు. గాలి తగ్గిన టైరు దగ్గర్నుంచి కాలిన వాల్వు దాకా ఎన్ని రోగాలున్నా బయటికి ఆ ఒక్క మాటగానే వస్తాయి. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గర మెకానిక్కులు రెండు వర్గాలుగా విడిపోతారు. కింద మాట్లాడే ఇద్దరూ ఆ రెండు వర్గాల మనుషులు. మామయ్యది విజయవాడ ఆటోనగర్ దగ్గర రేకుల షెడ్డు, గేరు స్కూటర్ల కాలం నుంచీ అదే పని. మేనకోడలు ఆటోమొబైల్ డిప్లొమా చేసి ఒక సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తోంది, సెలవు దొరికితే ఇక్కడ వాలుతుంది. బండి 110 సీసీ గేర్లెస్, కార్బురేటర్‌ది. యజమాని ఇప్పటికే ఇంకోచోట ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, బెల్టు, రోలర్లు, క్లచ్ షూలు వరసగా మార్పించి, జబ్బు తగ్గక ఇక్కడికి తెచ్చాడు. అలా మధ్యతరగతి జేబులోంచి పోయే డబ్బు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది కాబట్టే ఈ వాదన రాస్తున్నాను.

మామయ్య: ముందు ఒక రౌండు వేసొస్తా. నడిపి చూడకుండా పానా పట్టుకోకూడదు.

మేనకోడలు: వేసి రండి మామయ్యా. రాగానే నాకొకటి చెప్పాలి. ఇంజిను అరుస్తున్నా బండి కదలట్లేదా, అసలు ఇంజినే అరవట్లేదా?

ఆయన బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఒకసారి ఒంటరిగా, ఇంకోసారి షెడ్డు కుర్రాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఎక్కి దిగి వచ్చారు.

మామయ్య: ఇంజినే అరవట్లేదమ్మాయ్. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలేటరు మొత్తం తిప్పినా రేసు లేవట్లేదు, అణిగిపోతోంది. ఇద్దరం కూర్చుంటే ముల్లు ముప్పై అయిదు దాటలేదు. సిగ్నల్లో ఆగితే స్లో రేసు నిలవక ఆగిపోయింది. సెల్ఫుకి రాలేదు. కిక్కు కొట్టగా కొట్టగా వచ్చింది.

మేనకోడలు: అయితే బెల్టుకీ రోలర్లకీ క్లచ్చుకీ పెట్టిన డబ్బు దండగే. ముందు పుల్లీలో రోలర్లు ఒకవైపు అరిగి చదునైపోతే బెల్టు పైఅంచు దాకా ఎక్కదు. టాప్ స్పీడు పోతుంది కానీ ఇంజిను అరుస్తూనే ఉంటుంది. బెల్టు వెడల్పు తగ్గినా అంతే. క్లచ్ షూలు నున్నబడితే బయలుదేరేటప్పుడు జారుతుంది, వణుకుతుంది. ఈ మూడింట్లో ఏది పోయినా రేసు ఎక్కువ, వేగం తక్కువ. ఇక్కడ రేసే లేదు. ఒక్క రౌండు వేసి ఉంటే ఎడమవైపు కవరు విప్పాల్సిన పనే లేదని తేలిపోయేది.

మామయ్య: విప్పినవాణ్ణి నేను తప్పుపట్టను. ఇరవై, పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన బండి పికప్ లేదని వస్తే చాలాసార్లు బెల్టో రోలర్లో పోయి ఉంటాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బళ్లు చూసేవాడు ఎక్కువగా వచ్చే రోగాన్నే ముందు అనుమానిస్తాడు. అనుభవమంటే అదే.

మేనకోడలు: అనుమానించడం వరకూ అనుభవమే. అనుమానం మీద పార్టు కొనిపించడం మాత్రం కాదు. విప్పిన బెల్టు వెడల్పు వెర్నియర్‌తో కొలిస్తే ఇంకా పనికొస్తుందో లేదో అక్కడికక్కడే తెలిసేది. పాత బెల్టు చూపించమని అడిగాను. ఆయన చేతికి ఇవ్వనే లేదట.

మామయ్య: అది తప్పే. తీసిన పార్టు యజమాని చేతిలో పెట్టాలి. సరేగానీ, ఇంజిను జోలికి పోకముందు పైపైన చూడాల్సినవి ఉంటాయి. వాటిని వదిలేసి నీ మీటర్లు తియ్యకు.

ఈ పనిలో ఆయన చేతి వేగం చూడాల్సిందే. సెంటర్ స్టాండు వేసి వెనక చక్రం తిప్పారు. బ్రేకు షూ రాసుకుంటుంటే చక్రం వెంటనే ఆగిపోతుంది, అలాంటి బండికి ఎంత మంచి ఇంజినున్నా పికప్ రాదు. ఇది స్వేచ్ఛగానే తిరిగింది. టైర్లలో గాలి చూశారు. యాక్టివా తరహా బండికి ముందు 22, వెనక ఒక్కరు కూర్చుంటే 29, ఇద్దరైతే 36 పీఎస్ఐ ఉండాలి. చాలామంది రెండు చక్రాలకీ ఒకే లెక్క కొట్టించుకుని తిరుగుతుంటారు. పెట్రోలు ట్యాంకు మూత గాలి రంధ్రం చూశారు. అది మూసుకుపోతే బండి కొంతదూరం బాగా పోయి ఆగిపోతుంది, మూత తెరిస్తే ఉస్సుమని గాలి లోపలికి పోయి మళ్లీ స్టార్టవుతుంది. ఫిల్టరు పెట్టె తెరిచారు. ఎలుకలు పీచు తెచ్చి గూడు పెట్టే చోటు అది. గూడు లేదు, ఫిల్టరు కొత్తదే. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్లను కొందరు కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ పెడతారని ఇక్కడ చెప్పాలి. ఊదితే ఆ నూనె పొర పోయి దుమ్ము ఇంజిన్లోకే పోతుంది. దాన్ని మార్చాలే తప్ప శుభ్రం చేయకూడదు.

మామయ్య: సైలెన్సర్ కూడా బాగానే వదులుతోంది. చేతక్, లాంబ్రెట్టాల రోజుల్లో అయితే పికప్ లేదనగానే మా చెయ్యి సైలెన్సర్ మీదికే పోయేది. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాళ్లం, ఆ ఆయిలు మసి గొట్టం నిండా పేరుకునేది. ఊడదీసి మంటలో కాల్చి, కొట్టి, మసి దులిపి బిగిస్తే బండి కొత్త ఊపిరి పోసుకునేది. 1984లో కైనెటిక్ హోండా వచ్చి గేరు తీసేసింది కానీ అదీ టూ స్ట్రోకే, ఆ మసి దానికీ తప్పలేదు. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బళ్లలో ఆ బాధ తక్కువ. ఇక మిగిలింది కార్బురేటరే. అటక మీద మంచిదొకటి ఉంది. తెచ్చి బిగిస్తా. పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది.

మేనకోడలు: ఇదే వద్దంటున్నాను.

మామయ్య: ఎందుకొద్దు? మంచిదని తెలిసిన పార్టు పెట్టి చూడటం కంటే పెద్ద పరీక్ష ఏముంది? ప్లగ్గుకి నిప్పు పంపే సీడీఐ సంగతి చెప్పు. చల్లగా ఉంటే పనిచేస్తుంది, వేడెక్కితే నిప్పు ఆపేస్తుంది. నీ మీటరుకి అది దొరుకుతుందా? ఇంకో బండిది పీకి పెట్టి నడిపి చూస్తేనే బయటపడుతుంది. ప్లగ్గు సంగతీ అంతే. బయటపెట్టి కిక్కు కొడితే నీలంగా మెరుస్తుంది, లోపల ఒత్తిడిలో మాత్రం చచ్చిపోతుంది.

మేనకోడలు: మీరన్నది నిజం. అటక మీది సీడీఐ పెట్టి చూసి, మళ్లీ తీసి అటక మీదే పెడితే అది పరీక్ష. బండికే ఉంచేసి బిల్లు రాస్తే అది అమ్మకం. నా గొడవ అమ్మకంతోనే. ఇక వరస సంగతి. మిశ్రమం సరిగా ఉన్నా సిలిండర్ నొక్కలేకపోతే మీ కార్బురేటర్ ఏం చేస్తుంది? ఊపిరి నిలుస్తోందో లేదో ముందు చూద్దాం. తర్వాత నిప్పు, ఆ తర్వాత పెట్రోలు. ఇంజిను ఇప్పుడు వేడిగా ఉంది, కంప్రెషన్ చూడటానికి ఇదే సమయం.

ప్లగ్గు తీసి గేజ్ బిగించింది. యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకోమని కుర్రాడికి చెప్పి సెల్ఫు నొక్కింది. యాక్సిలేటరు మూసి చూస్తే గాలి లోపలికి రాక గేజ్ దొంగలెక్క చెబుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మంచి ఇంజిన్లకి బోరు చేయించినవాళ్లున్నారు.

మేనకోడలు: చూడండి, ఉండాల్సినదానికంటే మూడో వంతు తక్కువ.

మామయ్య: తొందరపడకు. స్టార్టింగ్ తేలిగ్గా రావడానికి కొన్ని ఇంజిన్లకి క్యామ్ మీద డీకంప్రెసర్ ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అదే కొంచెం గాలి వదిలేస్తుంది.

మేనకోడలు: అందుకే ఈ మోడల్ పుస్తకంలో రాసిన అంకెతో పోల్చాను, ఇంకో బండితో కాదు. ఇప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ చూస్తాను. పెరిగితే గాలి రింగుల దగ్గర జారుతోంది, పెరగకపోతే వాల్వుల దగ్గర.

మామయ్య: అది నిలువు సిలిండర్ల పరీక్ష తల్లీ. స్కూటర్ ఇంజిను పడుకుని ఉంటుంది. పోసిన ఆయిలు కింది వైపు చేరుతుంది, పై రింగుకి అందదు. పెరగలేదని వాల్వుల మీద నింద వేస్తే తప్పు అవ్వచ్చు.

ఈ అభ్యంతరానికి ఆమె దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. చెంచా పక్కన పెట్టేసింది. మామయ్య లోపలికి వెళ్లి ఒక పాత ప్లగ్గు తెచ్చారు. దాని పింగాణీ పగలగొట్టి తీసేసి, మిగిలిన ఇనుప గొట్టానికి ట్యూబు వాల్వు బ్రేజింగ్ చేసి ఉంది. మరలు అరిగి మెరుస్తున్నాయి, వాల్వు చుట్టూ ఇత్తడి ముద్ద గరుగ్గా గడ్డకట్టి ఉంది. ఎన్ని ఇంజిన్లలో బిగిసిందో ఆ మరలే చెబుతున్నాయి.

మామయ్య: ఫ్లైవీల్ మీద ‘టి’ గీతని కేసు మీది గుర్తుకి తీసుకురా. కంప్రెషన్ స్ట్రోకే కదా, చూసుకో. రెండు వాల్వులూ మూసుకుని ఉండాలి. నట్టుకి పానా వేసి గట్టిగా పట్టుకో, గాలి పెడితే పిస్టన్‌ని వెనక్కి తోసేస్తుంది.

టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ గొట్టమే ఆ వాల్వుకి తగిలించారు. అది పట్టగానే సన్నగా ఒక శబ్దం మొదలైంది. ఆయన ముందు ఆయిలు పోసే మూత తీసి చెవి పెట్టారు. అక్కడ బుస కొడితే రింగులు. అక్కడ ఉండీలేనట్టుంది, అంతమాత్రం మంచి ఇంజిన్లోనూ ఉంటుంది. కార్బురేటర్ నోటి దగ్గర పెట్టారు. ఏమీ లేదు. అక్కడ వినిపిస్తే గాలి తీసుకునే వాల్వు. చివరికి వంగి సైలెన్సర్ గొట్టం దగ్గర పెట్టి, కుర్రాణ్ణి కూడా రమ్మని చేత్తో పిలిచారు.

మామయ్య: ఇక్కడ. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోవట్లేదు.

మేనకోడలు: మరి టాపెట్లు చూడొద్దా?

మామయ్య: టాపెట్ శబ్దమే లేదు కదమ్మా ఈ బండికి. నేను నడిపినంతసేపూ విన్నాను. టకటకలు లేవు, ఇంజిను మెత్తగా ఉంది.

మేనకోడలు: భయం అక్కడే మామయ్యా. టాపెట్ దగ్గర, అంటే రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య, సందు ఎక్కువైతే అరుస్తుంది, మనకి తెలిసిపోతుంది. సందు పోతే మూగబోతుంది. వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్‌లోకి ఇంకా లోపలికి కూర్చుంటుంది, దాని కాడ పైకి జరిగి రాకర్‌కి ఆనుకుంటుంది. అప్పుడు రాకర్ వాల్వుని ఎప్పుడూ కాస్త తెరిచే పట్టుకుంటుంది. ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి జారిపోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి ముందు స్లో రేసు పోతుంది, సెల్ఫుకి రాదు. ఇంకా ముదిరితే బరువెక్కినప్పుడు లాగదు. పైగా వాల్వు తన వేడిని ఎక్కువగా వదులుకునేది సీటుని తాకినప్పుడే. ఆ తాకిడి లేకపోతే అంచు కాలిపోతుంది. మీ చెవి ఈ నిశ్శబ్దాన్ని మంచి ఇంజినుగా లెక్కేసింది.

మామయ్య: ఊఁ. విప్పి చూద్దాం పట్టు.

మేనకోడలు: ఇప్పుడు కాదు. టాపెట్ సందు చల్లటి ఇంజినులో చూడాలి. హోండా సర్వీసు పుస్తకాల్లో 35 డిగ్రీల లోపు అని ఉంటుంది. ఈ మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం గాలే అంతకు మించి ఉంటుంది. రాత్రికి బండి ఇక్కడే ఉండనీ, పొద్దున్నే చూద్దాం.

మర్నాడు షెడ్డు తెరవగానే చూశారు. రెండు రాకర్లూ చేత్తో కదిలిస్తే కదలాలి. గాలి తీసుకునే వైపుది చిటికెడు కదిలింది, ఎగ్జాస్ట్ వైపుది కదల్లేదు. పుస్తకం అడిగే సందు మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూ. ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే పలుచటి ఆకు కూడా దూరలేదు. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, ఆకు గట్టిగానూ కాక వదులుగానూ కాక జారేటట్టు పెట్టి బిగించింది. నట్టు బిగిస్తుంటే స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ ఆకు దూర్చి చూసింది. స్టార్టు చేయగానే రేసు పైకి లేచి, స్టాండు మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. స్లో రేసు నిలవట్లేదని ముందు మెకానిక్కు కార్బురేటర్ స్క్రూని బాగా లోపలికి బిగించి పెట్టాడు. దాన్ని వెనక్కి తిప్పాక ఇంజిను కుదుటపడింది. వేడెక్కనిచ్చి గేజ్ పెడితే కంప్రెషన్ పుస్తకం అంకె దగ్గరికి వచ్చింది. మామయ్య అదే ఫ్లైఓవర్ మళ్లీ ఎక్కి వచ్చి బాగుందన్నారు.

మామయ్య: ఈ బండికి నీ పద్ధతి పనికొచ్చింది, ఒప్పుకుంటా. కానీ 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లకి మీ సర్వీస్ సెంటర్‌లో జరిగేదేంటి? పసుపు దీపం వెలిగితే స్కానర్ పెడతారు, అది ఏ సెన్సర్ పేరు చెబితే ఆ సెన్సర్ మార్చేస్తారు. అప్పుడు కొలత ఏమైంది?

మేనకోడలు: అలా మార్చేవాళ్లు ఉన్నారు. స్కానర్ లేకపోయినా చాలా హోండా బళ్లలో ఆ దీపం మెరుపులు లెక్కపెట్టుకోవచ్చు. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. అయితే ఆ అంకె ఏ తీగలో తేడా ఉందో చెబుతుంది గానీ ఏ పార్టు చెడిందో చెప్పదు. కనెక్టర్‌లోకి నీళ్లు పోయి పచ్చగా చిలుం పట్టినా అదే అంకె వస్తుంది. సైలెన్సర్ జాయింటు దగ్గర గ్యాస్కెట్ పోయి బయటి గాలి లోపలికి పీలిస్తే ఆక్సిజన్ సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. పాపం సెన్సర్ బాగానే ఉంటుంది.

మామయ్య: ఆ జాయింటు లీకు నేను నాలుగు అడుగుల దూరం నుంచి చెప్తాను. చల్లటి ఇంజిను స్టార్టు చేయగానే చిటుకు చిటుకు మంటుంది.

మేనకోడలు: చెప్తారు, నేను కాదనను. నేను ముందు చూసేది బ్యాటరీని. కార్బురేటర్ బండి బ్యాటరీ చచ్చినా కిక్కుకి నడిచేది. ఈ బళ్లలో పెట్రోలు పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటు కావాలి. ఆపి ఉంచినప్పుడు 12.4 వోల్టుల పైన, రేసు ఇచ్చినప్పుడు పద్నాలుగు దరిదాపుల్లో లేకపోతే ఇంజెక్టర్ని నిందించి లాభం లేదు.

మామయ్య: మరి పెట్రోలు? ఈ మధ్య ప్రతివాడూ మైలేజీ తగ్గిందని ఈ20 మీద పడుతున్నాడు.

మేనకోడలు: లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి ఇరవై శాతం కలిపితే మైలేజీ కొంచెం తగ్గుతుంది. కానీ ఎత్తు ఎక్కలేకపోవడం దాని పని కాదు. నిజంగా భయపడాల్సింది నీళ్లకి. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మోతాదు మించితే పెట్రోలు నుంచి విడిపోయి నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. వాన తర్వాత బండి మొరాయిస్తే అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలోకి పట్టి కాసేపు కదలకుండా ఉంచాలి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు కడగాలి. ఆ సీసాకి ఖర్చు లేదు.

మామయ్య: ఖర్చు నా సమయానికుంది. నిన్న మధ్యాహ్నం, ఇవాళ పొద్దున ఈ ఒక్క బండి మీదే పోయాయి. బెల్టు మార్చినవాడికి బెల్టు మీద నాలుగు డబ్బులు మిగిలాయి. నేను స్క్రూ తిప్పినదానికి ఏం రాయమంటావు? జనం పార్టుకి డబ్బులిస్తారు, చూసినందుకు ఇవ్వరు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తే ఇస్తారు, నేను ఇంజిను చూస్తే ఇవ్వరు. ఈ వీధిలో అనుమానం మీద పార్టులు మారుతున్నాయంటే దానికి మా అజ్ఞానం ఒక్కటే కారణం కాదమ్మాయ్.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే బిల్లులో చూసిన కూలి విడిగా రాయండి. కంప్రెషన్ ఇంత ఉండేది, ఇంతయింది అని అంకెలు కూడా పక్కన రాయండి. ఇప్పటిదాకా పనికిరాని పార్టులకి పోసినదాని ముందు అదెంత?

మామయ్య: రాస్తే పక్క షెడ్డుకి పోతాడు. అక్కడ ‘చూడటం ఉచితం’.

మేనకోడలు: ఇన్నాళ్లూ ఉచితంగా చూసినవాళ్ల దగ్గరే కదా ఆయన నష్టపోయింది.

బండి యజమాని వచ్చాడు. స్టార్టు చేశాడు, స్లో రేసు వింటూ కాసేపు నిలబడ్డాడు. ఏ పార్టు వేశారని అడిగాడు. ఏదీ వేయలేదని మామయ్య చెప్పారు. వాల్వు సీటు అరుగుతోందని, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక పొద్దున్నే ఇంజిను చల్లగా ఉండగా తెస్తే సందు మళ్లీ చూస్తానని, అది మళ్లీ మూసుకుపోయి ఉంటే హెడ్డు దించక తప్పదని, దించితే వాల్వుకీ సీటుకీ ఖర్చవుతుందని దాచకుండా చెప్పారు.

మేనకోడలు రాసిన బిల్లులో రెండే వరసలున్నాయి: పరీక్ష కూలి, టాపెట్ కూలి. మామయ్య కళ్లజోడు పెట్టుకుని చదివి, మొదటి వరస అంకె మీద గీత పెట్టి సగం చేశారు. ఆమె ఒప్పుకోలేదు. యజమాని పర్సు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, వాళ్లిద్దరూ ఆ అంకె మీద ఇంకా వాదిస్తూనే ఉన్నారు.